జాయింటు నిలిచింది

చిరంజీవి మా చిన్నమ్మాయికి,

నాన్న మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ అమ్మా క్షేమం. ఇదివరకు ఎన్నో ఉత్తరాల్లో ఈ మాట అలవాటుకొద్దీ రాశాను తల్లీ, ఈమధ్య ఒకట్రెండింటిలో అబద్ధంగానూ రాశాను. ఇవాళ మాత్రం కలం గట్టిగా నొక్కి రాస్తున్నాను, కాగితం తిప్పి చూడు, అక్షరాలు అవతలి వైపు ఉబ్బి కనిపిస్తాయి. క్షేమం! మీ నాన్న నోటితో తింటున్నాడు! అక్కడ రేవులో, ఆ క్రేను గదిలో అంత ఎత్తున కూర్చుని పని చేసే నువ్వు కూడా క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పకుండా ఇంత ఉత్తరమేమిటి అనుకుంటావు. గొంతు ఇంకా బొంగురుగానే ఉందమ్మా. ఆపరేషన్లో గొంతు నరం కాస్త దెబ్బతిన్నదట, మెల్లగా కోలుకుంటుందని పెద్ద డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను "ఏమ్మా" అంటే, "ఎవరండీ మీరు? మా నాన్నకివ్వండి" అన్నావు. నవ్వాపుకోలేకపోయాను. నవ్వితే కుట్లు లాగాయి. పెళ్ళయిన నాటి నుంచి వాగుతున్న నోటికి ఇన్నాళ్ళకి సెలవు దొరికిందని మీ అమ్మ ఇరుగూపొరుగూ అందరికీ చెప్పుకుని మురిసిపోతోంది. కలానికి బొంగురు లేదు కదా, అందుకని దీన్ని పట్టుకున్నాను.

నీ ఉత్తరం అందింది. ఉత్తరమా అది, పోలీసు విచారణా? సిగరెట్టు నిజంగా మానేశావా, దొంగచాటుగా కాలుస్తున్నావా అని మొదటి ప్రశ్న. నిజంగానే మానేశాను తల్లీ. ఆపరేషన్‌కి చాలా ముందే డాక్టరమ్మ కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. "కోసి కుట్టడం నా పని. తర్వాత ఊపిరి పీల్చుకోవడం మీ పని. పొగ మానేదాకా తారీఖు ఇవ్వను, మీరు గడప దగ్గర కూర్చుని ఏడ్చినా ఇవ్వను" అంది. ఇంక ఏం చేస్తాను? మొదట్లో చేతులు ఊరికే జేబు తడుముకునేవి. మీ అమ్మ సూదీదారం తెచ్చి ఆ జేబులు కుట్టేసింది. ఇప్పటికీ నా చొక్కాలకి జేబులున్నాయి కానీ నోళ్ళు లేవు.

ఆ ఊపిరి డబ్బా గురించి అడిగావు. ప్లాస్టిక్ డబ్బాలో రంగుల బంతులుంటాయి, గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీలిస్తే అవి పైకి లేవాలి. దాన్ని ఆడించే ఆయనకి నేను ఊపిరి మాస్టారు అని పేరు పెట్టాను. "ఇంకా కొయ్యనే లేదు, ఇప్పట్నుంచే ఎందుకయ్యా ఈ కసరత్తు?" అంటే, "దారిలో ఆగిపోయాక బండి బాగుచేయడం కంటే ఇంట్లో ఉండగానే చూసుకోవడం మేలు కదా బాబాయ్" అన్నాడు. బంతులు లేపాను, మెట్లెక్కాను, పాలూ గుడ్లూ కలిపిన పొడులేవో ఇస్తే మూతి ముడుచుకుని తాగి ఒళ్ళు చేశాను. ఆఖరికి పళ్ళ డాక్టరు దగ్గరికి కూడా పంపారు. గొంతుకింద జబ్బుకి పళ్ళెందుకూ అని నేను గొణిగితే హెడ్ నర్సమ్మ, "మీ నోట్లో పాచి ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా వస్తుంది. మంచం మీద కూడా పూటపూటా బ్రష్ చేసుకుని, పుక్కిలించి ఉమ్మేయాలి. తెలిసిందా?" అని కళ్ళెర్రజేసింది. తెలిసిందన్నాను.

అసలు డాక్టర్లు ఏం చేశారో అమ్మకి చెప్పడం రావట్లేదు, నువ్వైనా చెప్పమన్నావు. నాకు ఒక్కసారికే అర్థమైంది, ఎందుకంటే అది మన కుళాయిల పనిలాంటిదే. గొంతు నుంచి పొట్టకి దిగే గొట్టంలో క్యాన్సర్ పట్టిన భాగాన్ని కోసి తీసేశారు. ఆ ఖాళీలో వేయడానికి కొట్లో దొరికే ముక్క లేదు కదా. అందుకని పొట్టనే సన్నని గొట్టంలా కుట్టి, పైకి లాగి, మెడ దగ్గర మిగిలిన కొసకి కలిపారు. డాక్టరమ్మ బొమ్మ గీసి చూపిస్తుంటే, "అయితే ఇక్కడ జాయింటు పడుతుందన్నమాట" అన్నాను. ఆవిడ ముఖం విప్పారింది. "అంతే. అది మానేదాకా మీకు నీళ్ళు లేవు, నాకు నిద్ర లేదు" అంది. అది లీకైతే లోపల చీము పట్టి ప్రాణం మీదికి వస్తుందట. అందుకే పేగులోకి వేసిన సన్న గొట్టంలోంచే ఆహారం. రంగుమందు తాగించి ఎక్స్‌రే తెర మీద చూసి, బయటికి కారడం లేదని తేల్చుకున్నాకే గ్లాసు చేతికిస్తారు.

కోత మర్నాడే లేపి నడిపించారంటే నువ్వు నమ్మవు. ఇటు సీసాల స్టాండు, అటు మీ అమ్మ, మధ్యలో నేను, పెళ్ళి ఊరేగింపులా వరండా అంతా తిరిగాం. దగ్గాలంటే దిండుని గుండెకి గట్టిగా హత్తుకుని దగ్గాలి. ఆ దిండుని నేను అంత ప్రేమగా పట్టుకోవడం చూసి మీ అమ్మ, "నన్నెప్పుడైనా అలా పట్టుకున్నారా?" అంది. నర్సులంతా పక్కుమన్నారు.

ఇక ఆ జ్వరం సంగతికి వస్తాను. ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నాను, ఇంక తప్పదు. వార్డులో కిటికీ తెరిచి వదిలేయడం వల్ల చల్లగాలి తగిలి నాన్నకి జ్వరం వచ్చిందని అమ్మ నీకు ఫోన్లో చెప్పింది. ఆ మాట పట్టుకుని నువ్వు హెడ్ నర్సమ్మ మీద ఆస్పత్రి పెద్దలకి ఫిర్యాదు పంపుతానని రాశావు. తల్లీ, నీకు దణ్ణం పెడతాను, అది పంపకు. ఏ కిటికీ ఎవరూ తెరవలేదు. ఆ జ్వరం నేను తెచ్చుకున్నది.

నీకు చిన్నప్పట్నుంచీ తెలుసు, నేను ఏ ఇంట్లో జాయింటు వేసినా దాని కింద పాత పేపరు పరిచి, కుళాయి విప్పి, పేపరు మీద తడి మచ్చ పడలేదని చూసుకున్నాకే ఇంటివాళ్ళని పిలిచేవాణ్ణి. వాళ్ళని పిలిచాక కారితే తల ఎక్కడ పెట్టుకోను? మర్నాడు పొద్దున్న రంగుమందు పరీక్ష అనగా నాకు అదే పట్టుకుంది. రేపు అందరి ముందూ, మీ అమ్మ ముందూ కారితే? ముందుగా నేనొక్కణ్ణీ చూసుకుంటే పోలా అనిపించింది. భయం తల్లీ, ఇంకేం కాదు. బ్రష్ చేసుకుని పుక్కిలించాను. మీ అమ్మ తువ్వాలు కోసం అటు తిరిగింది. ఉమ్మాల్సిన నీళ్ళు ఉమ్మలేదు. మింగాను.

నా ఒంట్లో పేపరు ఎక్కడ పరవాలో మాత్రం అప్పుడు తోచలేదు.

సగం నీళ్ళు అడ్డదారి పట్టాయి. గొంతు నరం సరిగ్గా లేదు కదా, ఊపిరి గొట్టం తలుపు మూసుకోలేదు. ఊపిరాడక దగ్గాను. మీ అమ్మ పరుగున వచ్చి నెత్తి మీద తట్టి, "అమ్మాయి తలుచుకుంటున్నట్టుంది" అంది. అవునవునన్నట్టు తలూపాను. చేసింది నేను, నేరం నీ మీద!

సాయంత్రానికి ఒళ్ళు కాలిపోయింది. ఆయాసం. డాక్టర్లు మంచం చుట్టూ మూగి గుసగుసలాడారు. జాయింటు వదిలిందేమో, మళ్ళీ తెరవాల్సి వస్తుందేమో అన్న మాట నా చెవినీ పడింది, మీ అమ్మ చెవినీ పడింది. ఆవిడ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. అది చూశాక ఇంక నోరు మూసుకుని ఉండలేకపోయాను. డాక్టరమ్మ కోటు పట్టుకుని లాగి, "నీళ్ళు మింగానమ్మా" అన్నాను.

"ఏంటి?"

"పుక్కిలించిన నీళ్ళు. జాయింటు ఎలా ఉందో చూద్దామని."

తిడుతుందనుకున్నాను. ఆవిడ మంచం అంచున కూర్చుని, "ఎంత మింగారు? వెంటనే దగ్గొచ్చిందా?" అని మెల్లగా అడిగింది. అంతా చెప్పాను. "మింగిన వెంటనే చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. పోనీ, ఇప్పుడైనా చెప్పారు. జాయింటునీ చూస్తాను, ఊపిరితిత్తినీ చూస్తాను, ఎక్కడ వెతకాలో నాకు తెలిసింది" అంది. లేస్తూ లేస్తూ, "మీ జాయింట్లు మీరు పరీక్షించుకోండి. నావి నాకు వదిలేయండి" అని ఒక్కటంటే ఒక్కటే తగిలించింది. హెడ్ నర్సమ్మ మాత్రం ఆ ఒక్కటితో సరిపెట్టలేదు, అవి రాస్తే పోస్టువాడు కూడా సిగ్గుపడతాడు.

స్కాన్ తీశారు. జాయింటు చెక్కుచెదరలేదు! కుడి ఊపిరితిత్తి అడుగున కొంచెం నీరు చేరి, చీము పట్టబోతోంది. అప్పటికప్పుడు మందులు మొదలుపెట్టారు. ఊపిరి మాస్టారు వచ్చి నన్ను నిటారుగా కూర్చోబెట్టి, దిండు చేతికిచ్చి, దగ్గించీ దగ్గించీ ఉన్నదంతా బయటికి తెప్పించాడు. పొగ మానకుండా, ఆ బంతులు లేపకుండా వచ్చి ఉంటే ఆ రోజు తట్టుకునేవాణ్ణి కాదని ఆయనే అన్నాడు. జ్వరం దిగాక నాన్నవి పిల్లచేష్టలని నీకు తెలిస్తే బెంగపడతావనీ, ఆపైన నన్ను చీల్చి చెండాడతావనీ మీ అమ్మే ఆ కిటికీ కథ అల్లింది. ఆవిణ్ణేమీ అనకు. నన్ను ఎన్ని తిట్లు తిట్టినా పడతాను.

తర్వాత అసలు పరీక్ష. తెర ముందు నిలబెట్టి, గడ్డం ఛాతీకి ఆనించి మింగడం నేర్పి, రంగుమందు ఇచ్చారు. చేదు. కానీ తెర మీద చూశానమ్మా, నల్లటి దారంలా గొంతులోంచి జారి, జాయింటు దగ్గర క్షణం నిలిచి, కిందికి దిగిపోయింది. చుట్టుపక్కల ఎక్కడా మచ్చ లేదు. ఏం పనితనం! ఆవిడ మన పనిలోకి వచ్చి ఉంటే మా అందరి పొట్టా కొట్టేసేది. చేతులెత్తి దణ్ణం పెట్టాను.

ఇప్పుడు ఇంట్లో ఉన్నాం. తలవైపు మంచం కోళ్ళ కింద చెక్కలు పెట్టి ఎత్తు చేసుకున్నాను, లేకపోతే తిన్నది పైకి తంతుంది. పిట్టలా కొంచెం కొంచెం, మాటిమాటికీ తినాలి. తిన్న వెంటనే నడుం వాల్చకూడదు. ఏ మాత్రం దగ్గొచ్చినా, నలతగా అనిపించినా దాచకుండా ఆస్పత్రికి ఫోన్ చేయాలని డాక్టరమ్మ ఒట్టు వేయించుకుంది. నిన్న కాస్త కళ్ళు తిరిగితే చేశాను కూడా. గబగబా తిన్నందుకని తేలింది. ముందుముందు ఇంకా పరీక్షలు, మందులు ఉన్నాయి, ఉండనీ. దాటేస్తాం. నువ్వేం సెలవు పెట్టుకుని పరుగెత్తుకు రానక్కర్లేదు, నీ పని ముగించుకుని తీరిగ్గా రా.

ఇవాళ పొద్దున్న మెత్తగా ఉడికిన గుడ్డు తిన్నాను. మీ అమ్మ ఎదురుగా నిలబడి, నేను నమిలినప్పుడల్లా తనూ దవడలు ఆడిస్తోంది. గడ్డం దించాను, మింగాను. ఇద్దరం ఊపిరి బిగబట్టి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. "దిగిందా?" అంది. "దిగింది" అన్నాను. ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది. నాకు ముద్ద దిగడం మానేసినప్పట్నుంచీ నా ఎదుట తినలేక ఆవిడ వంటింట్లో నిలబడే తింటోంది తల్లీ, నాకు తెలియదనుకుంటోంది. ఇవాళ తన కంచం తెచ్చుకుని నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండు ముద్దలు తిని, తలెత్తకుండానే, "ఉప్పు చాలిందా మీకు?" అంది. చాలిందన్నాను.

ఇట్లు,
గుడ్డు మొత్తం తిన్న
మీ నాన్న