దున్యా ప్రశ్నలు, రాదోయ్కో సిఫార్సు

నోవీ సాద్, మార్చి 9

జాయెచార్ ఏలిక, నా ఏకైక అక్క స్లావిట్సా గారి సముఖానికి,

ముందుగా క్షమాపణ. ఈ ఉత్తరంలో రాయబోయే నిజాలకీ, వాటి పొడవుకీ, అవి నా వినయాన్ని గాయపరిచి నా గొప్పతనాన్ని బయటపెడుతున్నందుకూ తలవంచి మన్నించమని వేడుకుంటున్నాను. ఫోన్‌లోనే చెప్పేవాణ్ణి. "ఫోన్‌లో నువ్వు అబద్ధమాడితే నా దగ్గర ఆధారం ఉండదు, కాగితం మీద రాయి" అన్నది నువ్వే.

బావకి రైల్వేలో ఈ ఊరికి బదిలీ అయింది, ఆగస్టులో దిగుతాం, ఈలోగా దున్యాకి హైస్కూలు చూడమన్నావు. చూశాను. మూడున్నాయి. మొదటిది పెద్ద పేరున్నది. మా మేనకోడలికి ఆటిజం అనగానే అక్కడి హెడ్మాస్టరు కళ్లు మెరిశాయి. "నాలుగంకెల గుణకారాలు నోటితో చేస్తుందా?" అన్నాడు. "చెయ్యదండీ, కాలిక్యులేటర్ ఎందుకుందీ అంటుంది" అన్నాను. కళ్లు ఆరిపోయాయి. రెండోదాంట్లో గంట మోగితే నా పుచ్చుపన్ను కదిలింది. మూడోది భూమి కొలతలు నేర్పే సర్వే బడి. నిద్రలో కూడా టేపు వదలని పిల్లకి ఇంతకన్నా ఏం కావాలి?

సిఫార్సు లేకుండా సీటు రాదని నీకు తెలుసు, నాకు తెలుసు, మన దేశంలో పుట్టిన పసిబిడ్డకీ తెలుసు. అందుకే ఒక మనిషిని పట్టాను. పేరు రాదోయ్కో. వయసు యాభై ఎనిమిది. ఆయన తల ఊపితే ఆ బడిలో తలుపులు తెరుచుకుంటాయి.

నీ భారం మోస్తున్న తమ్ముడు,
బోయన్

తా.క. బడి గురించి దున్యా రాసిన పదకొండు ప్రశ్నలూ అందాయి. వరండా వెడల్పెంత, మరుగుదొడ్డి తలుపు లోపలికా బయటికా... నేను స్వయంగా వెళ్లి కొలవాలని దాని ఆజ్ఞ. ఆ పని రాదోయ్కో గారికి అప్పగించాను.


జాయెచార్, మార్చి 16

ఒరేయ్ బోయన్,

నీ క్షమాపణ చదివేసరికి పొయ్యి మీద బీన్స్ మాడిపోయాయి. అయినా దీవించాను. రాదోయ్కో గారికి రెండు కిలోల కాఫీపొడి, మామగారు కాచిన ప్లమ్ సారా ఒక సీసా బావతో పంపుతున్నాను. సీసా నువ్వు తెరవకు. తెరిస్తే వాసనబట్టి మామగారు కనిపెట్టేస్తారు, ఇక్కడినుంచే.

నవ్వులాట కాదురా. ఐదో క్లాసులో బడి మార్చినప్పుడు ఈ పిల్ల నాలుగు నెలలు నోరు విప్పలేదు. అన్నం మెట్ల కింద కూర్చుని తినేది. ఇప్పుడిప్పుడే ఇంట్లో మా అందరి తప్పులూ ఎంచుతోంది, చెవులకి ఎంత హాయిగా ఉందో. మళ్లీ ఆ మౌనం నేను వినలేను. సీట్లు కేటాయించే కమిషన్ వాళ్ల ఫారంలో బడి పేరుకి ఒక్కటే గడి ఉంది. మే పదిలోపు నింపాలి.

నీ అక్క

తా.క. ఫారం దున్యా బల్ల మీదే ఉంది. గడి పొడవు తొమ్మిది సెంటీమీటర్లట.


నోవీ సాద్, మార్చి 27

అక్కా,

రాదోయ్కో గారు కాఫీ వాసన చూసి కళ్లు మూసుకున్నారు. "ఈ అమ్మాయి నా కూతురితో సమానం" అన్నారు. పాపం, అరవై మూడేళ్ల మనిషి, కళ్లు తుడుచుకున్నారు. కాకపోతే వాళ్ల బావమరిదిక్కూడా ఒక మాట చెప్పాలట, ఆయనకి పొగబెట్టిన హామ్ అంటే ప్రాణమట. నాకిష్టమా అంటే నాకేం ఇష్టం లేదు. మోసుకెళ్తాను, అంతే.

నీ కూలీ,
బోయన్

తా.క. హామ్ కొంచెం కొవ్వున్నదైతే బావమరిది గారు త్వరగా కరుగుతారు.


జాయెచార్, ఏప్రిల్ 6

బోయన్,

హామ్ పంపాను. మే ఆరున మా ఇంటి దేవుడి పండగ. ఆ పండగకి ఎవర్నీ పిలవకూడదు, తలుపు తీసిపెడితే వచ్చినవాడే చుట్టం. మా అత్తగారు నలభై ఏళ్లలో ఒక్కర్నీ పిలవలేదు. నేను పిలుస్తున్నాను. రాదోయ్కో గారిని నువ్వే వెంటబెట్టుకుని రా. పండగ రొట్టె ఆయన చేత్తోనే విరిపిస్తాను. అత్తగారు అలిగితే అలగనీ.

నీ అక్క

తా.క. దున్యా అడుగుతోంది: రాదోయ్కో మార్చి తొమ్మిదిన యాభై ఎనిమిది, ఇరవై ఏడున అరవై మూడు. పద్దెనిమిది రోజుల్లో ఐదేళ్లు ఎలా ముసలాడయ్యాడు?


నోవీ సాద్, ఏప్రిల్ 24

అక్కా,

రాదోయ్కో గారు ఇక లేరు. దున్యా అనుమానించింది నిజమే, చాలా వేగంగా ముసలాడైపోయారు. పండగకి రాలేరు.

కుమిలిపోతున్న,
బోయన్

తా.క. బావమరిది గారు కూడా షాక్‌లో ఉన్నారు. ఆయన్నీ పిలవకు.


జాయెచార్, ఏప్రిల్ 30

బోయన్,

రాత్రంతా ఏడ్చాను. పొద్దున్నే పోయినాయన పేరిట గోధుమలు ఉడకబెట్టి, చక్కెర కలిపి, చర్చికి పట్టుకెళ్లాను. కొవ్వొత్తి దున్యా చేతికిచ్చి, అక్కడి రెండరల స్టాండులో పెట్టమన్నాను. ఎంతసేపటికీ కదలదే! వెనక వరసలో జనం. "పెట్టవే" అన్నాను. అప్పుడు గుడంతా వినబడేలా అడిగింది: "పై అర బతికున్నవాళ్లకి, కింది అర చచ్చిపోయినవాళ్లకి. అసలు లేనివాళ్లకి ఏ అర?"

ఫాదరు గారు దగ్గారు.

మే పదికి పది రోజులు. నా పిల్లకి సీటుందా లేదా? ఒక్క మాటలో రాయి.

స్లావిట్సా

తా.క. మామగారు తన సీసా గురించి అడుగుతున్నారు.


నోవీ సాద్, మే 3

అక్కా,

ఉంది.

ఒక్క మాట అయిపోయింది. ఇక మిగతావి.

రాదోయ్కో లేడు. ఎప్పుడూ లేడు. కాఫీ నేనూ, నా గదిలో ఉండే ముగ్గురూ తాగాం. సారా సంగతి మామగారికి వాసన తగిలే ఉంటుంది. హామ్ అద్భుతం. బావమరిదిని నేనే. ఏ బడి గడపా తొక్కలేదు, ఆ హెడ్మాస్టరు కళ్లు మెరవనూ లేదు, ఆరనూ లేదు. అడ్రసులు మాత్రం నిజం.

సీటు తెచ్చుకున్నది దున్యా. దాని ప్రశ్నలు మూడు బడులకీ వెళ్లాయి, కింద దాని చిరునామా ఉంది గనక జవాబులు నీ ఇంటికే వచ్చాయి. మొదటి బడి రంగుల కరపత్రం పంపింది. రెండోది ఏమీ పంపలేదు. సర్వే బడిలో విదోసావా అనే టీచరు పిల్లల్ని టేపులతో బయల్దేరదీసి బడంతా కొలిపించి పదకొండిటికీ జవాబు రాసింది. వరండా రెండు మీటర్ల డెబ్బై నాలుగు. తలుపు బయటికి. ఆరో ప్రశ్న అసంపూర్ణం, ఏ అంతస్తో చెప్పలేదు, అందుకని రెండంతస్తులూ కొలిచాం అంది. తొమ్మిదోది, "వీపు వెనక గోడ ఉండి, ఎవరూ మాట్లాడించకుండా అన్నం తినే చోటు ఉందా?" "ఉంది. పరికరాల గది. నేనూ అక్కడే తింటాను. ఇంకా నలుగురు పిల్లలు వస్తారు. మాట్లాడాలని రూలు లేదు" అని రాసింది.

ఏప్రిల్ ఐదున దున్యా ఆ తొమ్మిది సెంటీమీటర్ల గడిలో సర్వే బడి పేరు నింపింది. ఇదంతా రాదోయ్కో చలవే, నీకూ తెలుసు అనుకుని బావ సంతకం పెట్టి పంపేశాడు. నాకు కార్డు వచ్చింది: "మామయ్యా, సీటు వచ్చింది. రాదోయ్కో అక్కర్లేదు." అందుకే చంపేశాను. ఫోన్ చేస్తే ఆ జవాబులన్నీ చదివి వినిపించింది. మరి అమ్మకి చెప్పలేదేం అని అడిగాను. "అమ్మ బడి గురించి అడగలేదు. రోజూ రాదోయ్కో గురించే అడిగింది" అంది.

పండగకి వస్తాను. పిలవకు, తలుపు తీసిపెట్టు చాలు. రొట్టె దున్యా చేత విరిపించు, సరిగ్గా సగానికి విరుస్తుంది.

నీ ఏకైక, పనికిమాలిన తమ్ముడు,
బోయన్

తా.క. ఇంత కథలో నేను నిజంగా చేసిన పని ఒక్కటే. దాని ప్రశ్నలు ఒక్క అక్షరం మార్చకుండా మూడు జిరాక్సులు తీసి, మూడు కవర్లకి మూడు స్టాంపులు అంటించి డబ్బాలో వేశాను. ఒక స్టాంపు వంకరగా అంటింది. దున్యాకి చెప్పకు.