మనిషి అడ్డొస్తే ఆగేది

తమ్ముడూ, చిన్నా,

ఈ రోజు పొద్దున భవానీపురం ఇంట్లో నీ జ్ఞాపకార్థ ప్రార్థన అయిపోగానే, అమ్మ చెప్పులు వేసుకుని నాతోపాటు మా ల్యాబ్‌కి బయలుదేరింది. మంచుకొండల్లో సైన్యానికి డీజిల్ ట్యాంకర్ నడుపుతూ నువ్వు లోయలో పడిపోయాక, మిలిటరీ అన్న మాట వింటేనే లేచి వెళ్లిపోయే మనిషి అమ్మ. నా పరిశోధనకు డబ్బిచ్చేది వాళ్లేనని తెలిసి నాతో నెల రోజులు మాట్లాడలేదు. అలాంటిది ఈ రోజు, నేను చేసేదేంటో తన కళ్లతో చూస్తానంది.

ఎప్పటికైనా అంతరిక్షంలో సోలార్ పలకలు పెట్టి, ఆ కరెంటును తీగల్లేకుండా కిందికి పంపాలని మా ప్రయత్నం. అప్పుడు ఆ కొండలకు ఎవరూ ట్యాంకర్ నడపక్కర్లేదు. ఈ రోజు మా ల్యాబ్ డాబా మీద ఈ చివర నుంచి ఆ చివరకు పంపాం. బల్బు వెలిగింది.

అందరూ బల్బునే చూస్తుంటే, అమ్మ అడ్డంగా కట్టిన తాడు దాటి నేరుగా ఆ కరెంటు వెళ్లే దారి మధ్యలోకి నడిచింది. నేను తాడు దగ్గరికి పరిగెత్తేలోపే బల్బు ఠక్కున ఆరిపోయింది.

"మనిషి అడ్డొస్తే దానంతటదే ఆగిపోద్దా?" అంది.

"ఆగిపోద్దమ్మా. మనిషి కాలకూడదని అలాగే చేశాం."

"అయితే సరే."

చూడ్డానికొచ్చిన మిలిటరీ అధికారి నన్ను పక్కకు పిలిచాడు. "మనిషి అడ్డొచ్చినా ఆగకుండా ఒక స్విచ్ పెట్టగలరా మేడం? ఎప్పుడైనా అవసరం పడితే."

"పెట్టొచ్చండీ" అన్నాను. పెట్టనని అనాల్సింది.

ఇంటికి రాగానే అమ్మ, ఇన్నేళ్లుగా బీరువాలో దాచిన నీ యూనిఫాం ఫోటో తీసి గోడకు తగిలించింది.

స్విచ్ సంగతి అమ్మకు ఇంకా చెప్పలేదు.