గడప బయట కర్ర

చి.సౌ. సుజనకు, వడమాలపేట నుంచి మునికృష్ణ రాసేది.

ఇక్కడ నేనూ అమ్మా పాపా క్షేమం. నా కోపం కూడా క్షేమంగానే ఉంది. కువైట్‌లో నీ నడుం నొప్పి తగ్గిందా? శుక్రవారం ఫోన్లో, పక్కన నువ్వు పనిచేసే ఇంటి మేడం నిలబడి ఉండగా, చెప్పలేని సంగతి ఒకటుంది. అందుకే సెలవు ముగించుకొని మళ్లీ అక్కడికే పనికి వస్తున్న కృపారాణి చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

ముందు నువ్వడిగినవి. మోహన ఏడో తరగతికి వచ్చింది. అమ్మకు మోకాళ్ల నూనె ఇంకా ఉంది, పంపొద్దు. నా కాలు ఎప్పటిలాగే. మామిడి లారీ మీంచి పడి విరిగిన తొడ ఎముక అతుక్కుంది గానీ, కాలు రెండంగుళాలు పొట్టిదైంది. పుత్తూరు కట్టును మూడో వారానికే విప్పేసి పనికి పోయింది నేనే. దానికి ఎవరినీ తిట్టను.

తిట్టేది ఆ వికలాంగుల శిబిరం డాక్టరును. నలభై శాతం ఉంటేనే పింఛను. ఆయన ముప్పై అయిదు రాశాడు. టేపు పెట్టి కొలిచింది లేదు, మంచం మీద పడుకోబెట్టింది లేదు. ఒక్కసారి తలెత్తి, "బాగానే నడస్తా ఉండావు గదప్పా, పో" అన్నాడు. మిగతా అయిదు శాతం ఏ సంతలో తూచి తీసేశాడో! ఆఫీసుల చుట్టూ తిరిగితే ఒక్కడూ నా కాగితం చేతిలోకి తీసుకోలేదు. రెండు కాళ్లూ లేనివాళ్లే కాచుకోనుండారు, నీకేం తొందర అన్నాడొక గుమాస్తా. ఒళ్లు మండిపోయింది.

లాయరు ప్రసన్నకుమారి గారు ఫీజు లేకుండా హైకోర్టులో వేసిన మన కేసు పోయిన వారం తేలింది. కొలవకుండా అంకె ఎలా వేశారని జడ్జి ప్రభుత్వ లాయరును నిలదీశారట. ఆ సర్టిఫికెట్టు కొట్టేశారు. నెలలోపు వేరే డాక్టర్లు మళ్లీ చూడాలి. మీ అన్న హరినాథ్ వీధంతా మైసూరుపాకు పంచాడు. నేను తినలేదు.

ఎందుకంటే, ఆ డాక్టరు నివేదికలో 'కర్ర లేకుండా లోపలికి నడిచి వచ్చాడు' అని ఉంది. పచ్చి అబద్ధమని మీ అన్న మండిపడ్డాడు, నువ్వు ఫోన్లో ఏడ్చావు. అది నిజం సుజనా. పెద్ద డాక్టరు గదిలోకి చెప్పులతో పోతామా? గడప బయట చెప్పులు విడిచి, వాటి పక్కనే కర్ర కూడా పెట్టేశాను. మర్యాద అనుకున్నాను. అది సగమే. వరుసలో మన ఊరివాళ్లున్నారు, వాళ్ల ముందు కుంటడానికి సిగ్గేసింది. పళ్లు బిగబట్టి పది అడుగులు నిటారుగా వేశాను. పోయిందే కుంటికాలు చూపించడానికని ఆ క్షణాన గుర్తులేదు. ఇంటికొచ్చి రెండు రోజులు లేవలేదు.

కొలవకపోవడం ఆయన తప్పే, దాన్ని చచ్చినా వదలను. కానీ నా తప్పు దాచి ఆయనొక్కడినే తిట్టాను. అది నమ్మి, ఇక పింఛను రాదని, నువ్వు అక్కడే ఇంకో రెండేళ్లు పనిచేయడానికి సంతకం పెట్టావు.

లాయరమ్మకు మొన్న చెప్పేశాను. ఆమె ఫైలు తీసి ఆ నివేదిక మళ్లీ చదివింది. తర్వాత, "ఈసారి సెప్పులేసుకోనే లోపలికి పోండి. ఎవురన్నా అడిగితే నా పేరు సెప్పండి" అంది.

మంగళవారం పోతున్నాను. కర్ర మీంచి చెయ్యి తీయనీయనని మోహన తోడు వస్తోంది. పింఛను వస్తే ఆ సంతకం వెనక్కి తీసుకోవచ్చా అని కృపారాణిని అడిగాను. కుదరదంది. పింఛను వచ్చినా, నా పది అడుగులకు నీ రెండేళ్లు పోయినట్టే.

శుక్రవారం మీ మేడం పక్కనున్నా సరే, నన్ను తిట్టు. తిట్టకుండా మాత్రం ఫోన్ పెట్టెయ్యకు.

ఇట్లు,
నీ తిట్ల కోసం కాచుకొని ఉన్న
మోహన నాయన