ముగ్గు తొక్కని వరుస

దిల్‌సుఖ్‌నగర్,
3 ఏప్రిల్ 2020

అమలా,

ఫోన్లో ఐదు నిమిషాల్లో అయిపోయే మాటకి కాగితం, కలం ఎందుకంటావేమో. నీ గొంతు వింటే నేను చెప్పలేను. అందుకే రాసి, ఫొటో తీసి పంపుతున్నాను. డ్యూటీ దిగి, స్నానం చేసి, ఇంత తిన్నాక చదువు. విషయం చివర్లో ఉంది. ముందు కబుర్లు.

పోయిన నెల పధ్నాలుగున నేను విమానం దిగగానే చేతి మీద క్వారంటైన్ ముద్ర వేశారు. నేను గది తీసుకున్న ఈరమ్మ గారి ఇంటి గేటుకి, ఇక్కడికి ఎవరూ రావద్దని కాగితం అంటించి వెళ్ళారు. ఆవిడ దానికి తన వంతు ప్రచారం కూడా జోడించింది. "పైన దుబాయి సారున్నడు, జర దూరముండున్రి" అని వీధంతా చెప్పింది. షార్జా అని మూడుసార్లు సరిదిద్దాను. "గదే, దుబాయి షార్జా" అంది. కోచింగ్ పిల్లలు ఊళ్ళకి వెళ్ళిపోయి కింద మూడు గదులూ ఖాళీ. ఇప్పుడీ కాగితం పడ్డాక నన్నూ పొమ్మంటుందని సంచి సర్దుకున్నాను. ఆవిడ మెట్ల మీద అన్నం కంచం పెట్టి, దూరంగా నిలబడి, "సంచి ఎందుకు కట్టినవ్? ఏడికి పోతవ్? పద్నాలుగు దినాలు తిని పండు" అంది. ఎవరినైనా అంత సులువుగా ఉంచుకోవచ్చని నాకు తెలియదు అమలా. మన బిల్డింగులో పక్క ఫ్లాటు వాళ్ళ పేరు పధ్నాలుగేళ్ళయినా మనకి తెలియదు.

అక్కడ షార్జాలో రాత్రిపూట బయటికి వెళ్ళాలంటే ఫోన్లో పర్మిషన్ తీసుకోవాలన్నావు. ఇక్కడ ఈరమ్మ గారిని అడగాలి. అది ఇంకా కష్టం. పాలకని వెళ్తే నిన్న కూడా పాలేనా అని ఆరా తీస్తుంది. లాక్‌డౌన్‌తో మెయిన్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు తప్ప ఏమీ లేవు. కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ర్యాంకర్లందరూ ఖాళీ రోడ్డుని చూసి నవ్వుతున్నారు. ఎల్బీనగర్ దాకా ఒక్క హారన్ వినపడదు.

ఇక అసలు సంగతి. నా ఉద్యోగం జనవరి ఆరునే పోయింది. రెండు నెలలు పొద్దున్నే అన్నం డబ్బా పట్టుకుని బయల్దేరి, సముద్రం ఒడ్డున పార్కులో కూర్చుని, సాయంత్రం నీకు సైటు కబుర్లు చెప్పాను. అన్నీ అల్లినవే. ఇక్కడ అల్మాస్‌గూడలో మన ప్లాటుకి ప్రహరీ కట్టించాలని వచ్చానన్నది కూడా సాకే. నీ ముఖం చూడలేక వచ్చాను. విమానాలు మొదలైనా తిరిగి రాకూడదనుకుంటున్నాను. వార్డులో అంతమందిని చూసి వచ్చే నీకు ఇంట్లో ఇంకొక రోగినై కూర్చోలేను. సిగ్గుగా ఉంది. నువ్వేమంటావో చెప్పు.

నీ వంశీ


దిల్‌సుఖ్‌నగర్,
12 ఏప్రిల్

అమలా,

తొమ్మిది రోజులైంది. చదివావని వాట్సాప్‌లో నీలం గీతలు చెబుతున్నాయి. మీ వార్డుకి ఫోన్ చేసి నువ్వు డ్యూటీకి వస్తున్నావని మాత్రం కనుక్కుంటున్నాను. కోపం వస్తే రావలసిందే, కాదనను. కానీ నిన్న ఇక్కడ జరిగింది నీకు తప్ప ఇంకెవరికీ చెప్పబుద్ధి కాలేదు.

ఈరమ్మ గారి కొడుకు కొండల్ ఆటో ట్రాలీ నడుపుతాడు. ఈ మధ్య ఎల్బీనగర్ వైపు నుంచి కూరగాయలు తెచ్చి మా వీధిలో అమ్ముతున్నాడు. బండి ఆగగానే జనం మీద పడుతున్నారు. వరుసలో నిలబడకపోతే బండి రానివ్వనని పోలీసాయన గట్టిగా చెప్పి వెళ్ళాడు. కన్‌స్ట్రక్షన్ సైట్లలో పధ్నాలుగేళ్ళు సేఫ్టీ ఆఫీసర్‌గా చేసినవాణ్ణి, నేను ఊరుకుంటానా? మొన్న సాయంత్రం కొలత టేపు పెట్టి ఆరేసి అడుగులకొక బొగ్గు గుర్తు పెట్టాను. మొత్తం పన్నెండు. గుర్తుకొక సున్నా గీయాలంటే సున్నం దొరకలేదు. "ముగ్గుపిండి ఉన్నది. పొద్దుగాల నేనేస్త తియ్" అంది ఈరమ్మ గారు.

నిన్న పొద్దున్నే పైనుంచి చూస్తే పన్నెండు పద్మాలు. ఒక్కొక్కదానికి ఎనిమిది రేకులు, నడిమధ్య పసుపు కుంకుమ. జనం మాత్రం నలభై మంది, ఆ ముగ్గులకి దూరంగా, గోడ వారగా ఒకరినొకరు రాసుకుంటూ నిలబడ్డారు. ముగ్గుల్లో నిలబడండి అని నేను పైనుంచి అరిచాను. ఎదురింటి సుమిత్రమ్మ గారు మన గోదావరి మనిషే, టీచరుగా చేసి రిటైరయ్యారు. "ఏం మనిషివయ్యా? పసుపు కుంకుమ పెట్టిన ముగ్గులో చెప్పులేసుకుని నిలబడమంటావేంటి?" అని అందరి ముందూ చీవాట్లు పెట్టారు. కొండల్ కూడా చేతులెత్తేశాడు. "సార్, నాతోటైతే గాదు. మా అమ్మ ఏసిన ముగ్గు నేను తొక్క" అన్నాడు.

ఈరమ్మ గారు నడుం మీద చెయ్యి పెట్టుకుని కాసేపు చూసింది. "తొక్కరు గద? మంచిగైంది. ముగ్గుకూ ముగ్గుకూ నడుమ ఒక్కలు నిలవడున్రి. దగ్గరికి ఎట్లొస్తరో నేనూ చూస్త" అంది.

రెండు నిమిషాల్లో వరుస తయారైంది. మనిషికీ మనిషికీ మధ్య ఒక పద్మం. ముందుకు తోసుకోవాలంటే దాన్ని తొక్కాలి, ఎవరూ తొక్కలేదు. మిగిలినవాళ్ళు ఇంటి గుమ్మాల్లో ఆగి, ఖాళీ అయినప్పుడల్లా ఒక్కొక్కరే వచ్చారు. ఎంతమంది చేత ఎన్ని పసుపు టేపులు కట్టించాను, ఎన్ని జరిమానా బోర్డులు పెట్టించాను నేను. నేను వెనక్కి తిరగ్గానే ఆ టేపుల కిందనుంచి దూరి వెళ్ళేవాళ్ళు. అక్షరం ముక్క రాని ఈవిడ, భయపెట్టకుండానే సాధించింది. నాకు నిజంగా దణ్ణం పెట్టాలనిపించింది.

అప్పుడే పక్క వీధుల వాళ్ళూ పిలుస్తున్నారు. టేపు నేను పట్టుకుంటే ముగ్గు ఆవిడ వేస్తుంది. 'దుబాయి టేపు సారు' అని పిలుస్తున్నారు, షార్జా అని సరిదిద్దడం మానేశాను. జనవరి తర్వాత మళ్ళీ మనిషిలా అనిపించింది నిన్ననే. కానీ నీ జవాబు రాక అన్నం సహించడం లేదు. తిట్టయినా రాయి.

నీ వంశీ


షార్జా,
14 ఏప్రిల్

ఏమండీ,

డ్యూటీ ఒత్తిడిలో రాయలేదని సర్ది చెప్పుకుంటున్నారేమో. అదేం కాదు. కోపంతోనే రాయలేదు.

మీ ఉద్యోగం పోయిన సంగతి నాకు రెండో రోజే తెలుసు. హెల్మెట్ గోడకి వదిలేసి సైటుకి వెళ్ళే సేఫ్టీ ఆఫీసరు ఎవరండీ? ఈవేళ చెబుతారు, రేపు చెబుతారు అని చూశాను. మీరేమో సాయంత్రం కూర్చుని క్రేను కథలు చెప్పేవారు. అవి వింటూ లోపల ఏడ్చుకున్నాను. చివరికి దేశాలు దాటి వెళ్ళాక, తిరిగి రానని కాగితం మీద చెప్పారు. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది.

మా వార్డులో భిక్షపతి అని కరీంనగర్ వైపు మనిషి ఉన్నాడు. అంతకుముందు మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మొన్న మీ ముగ్గుల ఉత్తరం చదివి వినిపించాను. దగ్గుతూనే నవ్వాడు, రెండోసారి చదివించుకున్నాడు. తర్వాత మెల్లగా, "ఇంట్ల ఎవలకూ తెల్వదక్కా. దవాఖానల ఉన్ననని చెప్పలే. పరేషాన్ అయితరని" అన్నాడు. గట్టిగా కేకలేసి, వాళ్ళావిడకి ఫోన్ కలిపి ఇచ్చాను. ఆమె అవతల ఒకటే ఏడుపు, ఇతనికి మాత్రం ముఖం తేటపడింది. అప్పుడు నాకే సిగ్గేసింది. అన్నీ తెలిసి రెండు నెలలు మీకు డబ్బా కట్టి ఇచ్చిందాన్ని నేను. నాకు తెలుసండీ అని ఒక్క మాట అని ఉంటే, మీరు పార్కులో ఎండకి కూర్చునేవారు కాదు. దాచింది మీరొక్కరే కాదు.

ఈరమ్మ గారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ లేకపోతే మీరేమైపోయేవారో అని నాకు రోజూ దిగులే. విమానాలు మొదలయ్యేదాకా ఆ టేపు వదలకండి. మొదలైన రోజున బయల్దేరండి. ఉద్యోగం దొరికాక వస్తానని మాత్రం అనకండి. పన్నెండు గంటలు ఆ పీపీఈ సూటులో నిలబడి వచ్చి, చీకటింట్లో స్విచ్ తడుముకోవడం నా వల్ల కావడం లేదు. నేను తలుపు తీసేసరికి మీరు లోపల ఉండాలి, నాకు అంతే కావాలి.

మీ అమల