టెస్టింగ్ కోసం ఇచ్చిన ఫొటో

జూన్ 9, సోమవారం

నా అక్షరాలు వంకర. తప్పులు కూడా ఉంటాయి, క్షమించాలి. ఏడో తరగతితో ఆపేశాను.

ఫిన్నీ బావ విజయవాడలో ఇంట్లోనే కూర్చుని వెబ్‌సైట్లు చేస్తాడు. మేనత్త కొడుకు కాబట్టి చదువు చూడకుండా నన్ను చేసుకున్నాడు. ఇప్పుడు పెళ్లి సంబంధాల సైట్ చేస్తున్నాడు. టెస్టింగ్ నువ్వే చెయ్యి, నీకు అర్థమైతే ఊళ్లో అందరికీ అర్థమైనట్టే అన్నాడు. వెక్కిరింతో మెచ్చుకోలో తెలియలేదు. సంతోషించాను.

జూన్ 12

ఫొటో అడిగిన చోట ఫొటో కానివి ఇవ్వడమే నా పని. పాట ఇచ్చాను, తీసుకోలేదు. రేషన్ కార్డు పీడీఎఫ్‌కి బావ చెప్పినట్టు పేరు చివర ఫొటోలకుండే జేపీజీ అని మార్చి ఇస్తే తీసేసుకుంది. బావ తల కొట్టుకుని పీహెచ్‌పీ అనే కోడ్‌లో మళ్లీ రాశాడు.

మనం పంపింది ముందు సర్వర్‌లో టెంపరరీ చోట పడుతుందట. అక్కణ్ణుంచి వేరే ఫోల్డర్‌కి మార్చే లైను రాయకపోతే దానంతటదే పోతుందట. ఆ లైను ఇంకా రాయలేదు, నీ ఫొటో ఏదైనా పెట్టు అన్నాడు. తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటూ నవ్వుతున్నది పెట్టాను. బావ తీసిందే. బావ తప్ప ఎవరూ చూడలేదు.

జూన్ 14

అదే ఫొటో ఇవాళ తొమ్మిదిసార్లు పెట్టాను. బావ పక్కనే కూర్చున్నాడు.

జూలై 6, ఆదివారం

మా ఊరు పామర్రులో చర్చి ఆరాధన అయ్యాక శౌరమ్మ పిన్ని నన్ను చెప్పుల దగ్గరికి లాక్కెళ్లింది. నువ్వూ ఫిన్నీ విడిపోతే నాకొక మాట చెప్పకూడదటే అని అడిగింది. కొడుకు యేసుబాబుకి సంబంధాలు చూస్తుంటే సైట్‌లో నేను కనిపించానట. ఫోన్ చూపించింది. జుట్టు విరబోసుకుని నేను. కింద పేరు మాత్రం గ్రేస్, ఇరవై రెండేళ్లు, అవివాహిత, బీఎస్సీ అని ఉంది. డిగ్రీ ఎప్పుడు చేశావే, మాకు స్వీట్లయినా పెట్టలేదు అంది పిన్ని. పక్కనున్నవాళ్లు నవ్వారు.

అదే రోజు సాయంత్రం

బావ లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. కొత్త సైట్ ఖాళీగా ఉంటే ఎవరు చేరతారే, అందరూ ఇలాగే నింపుతారు, నీ పేరు పెట్టలేదుగా అన్నాడు. టెంపరరీ అన్నావుగా అన్నాను. మార్చే లైను మర్నాడే రాశాడట. చెప్పాలనిపించలేదట.

బీఎస్సీ ఎందుకు పెట్టావని అడిగాను. టీ పెట్టమన్నాడు.

జూలై 8

పేజీ తీసేశాను, ఇక ఊరుకో అన్నాడు. పిన్ని ఆరోజు వాట్సాప్‌లో పంపిన ఫొటో లింకు నొక్కి చూశాను. పేజీ లేదు కానీ ఫోల్డర్‌లో నేను ఇంకా నవ్వుతూనే ఉన్నాను. చూపిస్తే అదీ తీసేసి, విసురుగా స్నానానికి వెళ్లాడు.

లాప్‌టాప్‌లో బావ మెయిల్ తెరిచే ఉంది. గ్రేస్ మీద నలభై ఒక్కమంది ఇంటరెస్ట్ నొక్కారు. మొదటిది జూన్ ఇరవైన. అన్నీ చదివినవే. గన్నవరం అతనికి బావే జవాబు కూడా రాశాడు. అమ్మాయి చాలా సిగ్గరి, కొంచెం ఆగండి అని.

జూలై 9

మాణిక్యమ్మ అత్తకి చెప్పాను. మావాడు నువ్వు బాగున్నావనేగా పెట్టాడు, రచ్చ చెయ్యకు అంది.

జూలై 11

కొత్త ఫారం టెస్ట్ చెయ్యమన్నాడు. చెయ్యనన్నాను. బావకి కాదని చెప్పడం ఇదే మొదటిసారి.

జూలై 12

ఈ పుస్తకం ఎవరికైనా దొరికితే కాల్చేయండి. కాల్చేముందు ఫొటో తీసుకోకండి.