లైటు బొమ్మ ఉన్నకాడ అవ్వ పలుకాలె

చిట్టీ,

కొత్తగూడెంల నువ్వు, అల్లుడు మంచిగున్నరనుకుంట. ఫోన్ల నీ గొంతు వింటే ఏడుపొస్తది, అందుకే రాస్తున్న. మీ అన్న సంపత్ పోయి ఏడాదాయె.

గోదావరిఖనిల మన చర్చికి కొత్త పాస్టరయ్య వచ్చిండు. ఆరాధన పుస్తకం పాతదని పక్కకు పెట్టిండు. అయ్యగారు ఒక మాట చదువుడు, మనం జవాబు చెప్పుడు లేదిగ. గంటసేపు ఆయనే సొంతంగ ప్రార్థన చేస్తడు. నాకు ఊకోబుద్ధి కాలే. ఆయన గుక్క తిప్పుకున్నకాడల్లా పాత జవాబు గట్టిగ చెప్పిన.

మీ అవ్వ సారవ్వ

తా.క. ఒకపారి ఆయన తుమ్మిండు. దానికి గూడ చెప్పిన.

*

అవ్వకు దీప వందనాలు.

నీకేమన్న పిచ్చానే? అందరి ముందట అయ్యగారిని ఎక్కిరించినట్టు కాదా? వచ్చే ఆదివారం లేచి మాఫీ అడుగు.

నీ దీప

తా.క. తుమ్ముకు ఏం చెప్పినవ్?

*

చిట్టీ,

నువ్వన్నట్టే లేచి మాఫీ అడిగిన. నాకు సొంతంగ అడుగుడు రాదు గద, పుస్తకంల ఒప్పుకోలు ప్రార్థన ఎత్తుకున్న. అందుల "నేను" ఉండదు, "మేము" అని ఉంటది. నాతోపాటు పాస్టరయ్య పాపాలు, కమిటీ పాపాలు గూడ ఒప్పుకున్నట్టయింది. కమిటీ పెద్ద ఆగయ్య కాక గుర్రుగ చూసిండు. ఆనక తనే లేచి గొంతు కలిపిండు. వెనుక ముసలోళ్లందరు లేచిన్రు.

మీ అవ్వ

తా.క. తుమ్ముకు "ప్రభువా, మమ్మును కరుణించుము" అని చెప్పిన.

*

అవ్వా,

ఇజ్జత్ పోయిందే! ఆ పుస్తకం సందూకుల పెట్టు. ఇంట్ల కూసొని నీ మాటలతోనే ప్రార్థన చేసుకోరాదా?

నీ దీప

తా.క. నేను చెయ్యక ఏడాదైంది. అన్న పోయినంక మాటే వస్తలేదు.

*

చిట్టీ,

నాకు మాత్రం ఎక్కడొస్తది బిడ్డా? మోకాళ్ల మీద కూసుంటే నోరు పెగలదు. మొదలుపెట్టే బలం లేదు. ఎవరన్న మొదలుపెడితే జవాబు మాత్రం చెప్పగల్గుత.

పాస్టరయ్య ఇంటికొచ్చిండు, కొట్లాటకే అనుకున్న. ఈ మాటే ఆయనకు చెప్పిన. పుస్తకం చూపియ్యమన్నడు. అది సంపత్‌ది. నాకు చదువు సరిగ రాదని, నేను పలుకాల్సిన ప్రతికాడ పెన్సిలుతోని, తను బొగ్గుబాయిల టోపీకి పెట్టుకునే లైటు బొమ్మ గీసిండు. "లైటు కనవడితే మాట్లాడవ్వా" అనేటోడు. అయ్యగారు చానాసేపు ఆ బొమ్మలే చూసి, పుస్తకం అడిగి పట్టుకపోయిండు.

నిన్న ఆదివారం అందరి చేతుల జిరాక్సు కాయితాలు, లైటు బొమ్మలతోని. బొమ్మ వచ్చినకాడల్లా చర్చంత పలికింది. నేనే పలుకలే, సంపత్ గీసిన బొమ్మల మీద వేలు పెట్టుకుంట కూసున్న. నా జవాబు గూడ వాళ్లే చెప్పిన్రు.

నీకొక కాయితం పెట్టిన. నువ్వేం మొదలుపెట్టకు. లైటు కాడ పలుకు.

మీ అవ్వ

తా.క. పాస్టరయ్య మల్ల తుమ్మిండు. ఈపారి చర్చంత జవాబు చెప్పింది. ఖాళీ కడుపుతోని డ్యూటీకి పోకు బిడ్డా. మంచిగ తిను.