బానెట్ మీద గ్లాసెడు నీళ్లు

బాపూ,

నిన్న అమ్మా నేనూ హనుమకొండలో షోరూముకు వెళ్లాం. నువ్వు పోయాక ఇంట్లోకి వస్తున్న మొదటి బండి, చిన్న ఎస్‌యూవీ. డీజిలా పెట్రోలా అన్నది నెల రోజులుగా తెగలేదు. నాకేమో రోజూ ఇంటికీ, పాఠాలు చెప్పే బడికీ మధ్య తిరగడమే, పెట్రోల్ బండి చాలు. మరిపెడ నుంచి ఎనుమాముల మార్కెట్ యార్డుకు జీపులో మిర్చి బస్తాలు తోలిన నీకైతే అసలు ప్రశ్నే లేదు. బండంటే డీజిలే.

ఏ బండి చూసినా నువ్వు చేసే పరీక్షే నేనూ చేశాను. ఇంజన్ స్టార్ట్ చేయించి, బానెట్ మీద స్టీలు గ్లాసుతో నిండుగా నీళ్లు పెట్టాను. డీజిల్ బండి మీద నీళ్లు సన్నగా వణికాయి. నీ జీపు మీదైతే సగం ఒలికిపోయేవి. పెట్రోల్ బండి మీద అసలు కదల్లేదు.

"ఇంకా స్టార్ట్ చెయ్యలేదా?" అని అడిగాను.

"నడుస్తాంది మేడం" అని సేల్స్‌మన్ నవ్వాడు. బానెట్‌కు అరచెయ్యి ఆనిస్తే గానీ నమ్మలేకపోయాను.

అదే బండిలో కాజీపేట దాకా పోయి వచ్చాం. వెనక సీట్లోంచి అమ్మ, "ఇంత మెల్లగ మాట్లాడినా ఇనపడుతాందా బిడ్డా?" అంది. ఔనన్నాను. కాజీపేట నుంచి మళ్లాక తనే అంది:

"మీ బాపుది పుట్టుకతోనే పెద్ద గొంతు అనుకున్న ఇన్నేండ్లు. ఆ జీపు సప్పుడుల ఒర్రి ఒర్రి, ఇంట్ల గూడ గట్లనే అలవాటైంది గావచ్చు."

పెట్రోలే బుక్ చేశాను బాపూ. నీ మెల్లని గొంతు ఎలా ఉంటుందో మేమిద్దరం ఎన్నడూ వినలేదు.